పింఛన్లు, సర్టిఫికెట్ల సేవల్లో సీనియర్ యూజర్ రీసెర్చర్ ఉద్యోగం: వెళ్లొచ్చా?

మీ ప్రశ్న ఇదీ: హైదరాబాద్‌లో ఒక షాపింగ్ యాప్ కంపెనీలో అయిదేళ్లుగా యూజర్ రీసెర్చ్, అంటే వాడేవాళ్లను కలిసి వాళ్ల ఇబ్బందులు తెలుసుకునే పని, చేస్తున్నారు. ఇప్పుడు పింఛన్లు, సర్టిఫికెట్ల సేవలను మెరుగుపరిచే ప్రభుత్వ ప్రాజెక్టులో సీనియర్ యూజర్ రీసెర్చర్‌గా పిలుపు వచ్చింది. పని ఎలా ఉంటుంది, ఇన్నాళ్ల అనుభవం అక్కడ పనికొస్తుందా, వెళ్లొచ్చా అని అడిగారు.

వెళ్లొచ్చు. మనుషులతో మాట్లాడటం, విన్నది విన్నట్టు రాసుకోవడం, తొందరపడి నిర్ణయానికి రాకపోవడం, ఇవన్నీ మీకు అక్కడా అవసరమే. మిగతా సగం మాత్రం మొదటి నుంచి నేర్చుకోవాలి. ఇంకో మాట ముందే చెప్తాను. ఇక్కడ సీనియర్‌ను కొలిచేది ఎన్ని ఇంటర్వ్యూలు చేశారని కాదు. మీ పని వల్ల జనం పట్టుకెళ్లాల్సిన కాగితం ఒకటి తగ్గిందా, ఆఫీసు చుట్టూ తిరుగుడు ఒకటి తగ్గిందా అని. అలా తగ్గించే చోటు చాలాసార్లు స్క్రీన్ మీద ఉండదు. దాన్ని వెతుక్కుంటూ వెళ్లడమే మీ ఉద్యోగం.

నేను 13 ఏళ్లుగా ఇదే పనిలో ఉన్నాను. మొదటి నాలుగేళ్లు బ్రిటన్‌లో, తర్వాత ఇక్కడ, రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ. బ్రిటన్ ప్రభుత్వంలో సీనియర్ యూజర్ రీసెర్చర్ అన్నది గుర్తింపు ఉన్న హోదా. అక్కడ ప్రభుత్వ ఆన్‌లైన్ సేవలు చూసే గవర్నమెంట్ డిజిటల్ సర్వీస్ అనే విభాగం 2011లో మొదలైంది, ప్రభుత్వ సేవలకు గవ్.యూకే వెబ్‌సైట్ 2012 అక్టోబర్‌లో వచ్చింది. ప్రభుత్వ సేవలు ఎలా ఉండాలో చెప్పే వాళ్ల సర్వీస్ స్టాండర్డ్‌లో ఇప్పుడు 14 అంశాలున్నాయి. మొదటిదే యూజర్లనూ వాళ్ల అవసరాలనూ అర్థం చేసుకోవడం. కొత్త సేవ పెట్టేముందు ఒక ప్యానెల్ కూర్చుని ఎవరితో మాట్లాడారు, ఏం తెలుసుకున్నారు, దాంతో ఏం మార్చారు అని అడుగుతుంది. జవాబు లేకపోతే ఇబ్బందే. మన దగ్గర ఈ పని ఎక్కువగా ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ యూనిట్‌లో కన్సల్టెంట్ అనే పేరుతో జరుగుతుంది. అలా అడిగే ప్యానెల్ మీకు ఉండదు. అక్కడ రూల్ చేసే పనిని ఇక్కడ మీరు నోటితో చేయాలి. మీటింగ్‌లో ఎవరూ అడగని ప్రశ్న మీరే అడగాలి, జవాబూ మీరే తేవాలి.

మన యూజర్ వదిలేసి వెళ్లలేడు. మీకు అన్నిటికంటే పెద్ద తేడా ఇదే. షాపింగ్ యాప్ నచ్చకపోతే తీసేసి ఇంకోటి పెట్టుకుంటారు, అది మీ చార్టులో కనిపిస్తుంది. ఆదాయ ధ్రువీకరణ పత్రానికి ఇంకో షాపు లేదు. నాలుగుసార్లయినా వస్తారు. ఆ నాలుగుసార్లనూ మన డాష్‌బోర్డు వాడకం కిందే లెక్కేస్తుంది. విసిగిపోయి రావడం మానేసిన మనిషి అసలు ఏ లెక్కలోనూ ఉండడు. అందుకని మొదటి నెలలోనే ఆ లెక్కలో లేనివాళ్లను వెతకాలి. వాళ్లు సోమవారం కలెక్టరేట్‌లో అర్జీల లైన్లో ఉంటారు. తహసీల్దార్ ఆఫీసు బయట అర్జీలు రాసిపెట్టే ఆయన బల్ల ముందు ఉంటారు. జిరాక్స్ షాపులో ఉంటారు.

ఒక మండల కేంద్రంలో అలాంటి జిరాక్స్ షాపులో మూడు రోజులు కూర్చున్నాను. రెండో రోజు మధ్యాహ్నం షాపతను తనంతట తానే చెప్పాడు: "మేడమ్, లోపలికెళ్లిన మనిషి పది నిమిషాల్లో మళ్లీ నా దగ్గరికి పరిగెత్తుకొచ్చాడంటే రేషన్ కార్డు జిరాక్స్ అడిగారని అర్థం. అందుకే ఈ మధ్య నేనే ముందు అడిగి తీసిస్తున్నా." వాళ్లు వచ్చిన సర్టిఫికెట్‌కు రేషన్ కార్డు కావాలని వెబ్‌సైట్‌లో లేదు, ఫారంలో లేదు, ఆఫీసు బోర్డు మీదా లేదు. షాపతను మాత్రం కావాల్సిన కాగితాల లిస్టు స్కెచ్‌పెన్‌తో రాసి గోడకు అంటించాడు. అందులో అది మూడో లైను. జనానికి ఉన్న అసలైన సమాచారం ఆ గోడ మీదే ఉంది. ఈ రేషన్ కార్డు సంగతి మళ్లీ వస్తుంది, గుర్తుపెట్టుకోండి.

ఫారం నింపేది వేరొకరు. 2001లో ఈ-సేవ, 2011లో మీసేవ, ఆంధ్రప్రదేశ్‌లో 2019 అక్టోబర్ 2 నుంచి గ్రామ, వార్డు సచివాలయాలు, 2025 జనవరిలో 161 సేవలతో మన మిత్ర వాట్సాప్. కౌంటర్లు ఇన్ని మారాయి. అయినా చాలా ఇళ్లలో అప్లికేషన్ పెట్టేది అది ఎవరికి కావాలో వాళ్లు కాదు. ఆపరేటరో, కొడుకో, పక్కింటి డిగ్రీ చదివే అమ్మాయో పెడతారు. వాట్సాప్ వచ్చాక కూడా ఫోన్ ఎవరి చేతిలో ఉందో చూడండి. ఆపరేటర్ను యూజర్‌గా లెక్కేయని రీసెర్చ్ మన దగ్గర సగం రీసెర్చే.

ఒక సెంటర్లో ఆపరేటర్ అమ్మాయి కీబోర్డు పక్కన లాంగ్ నోట్‌బుక్ పెట్టుకునేది. ఊళ్ల వారీగా పేర్లు, ప్రతి పేరు పక్కన ఓటీపీ వచ్చే ఫోన్ ఎవరి దగ్గరుందో రాసుకుంది. "మనవడు, హైదరాబాద్, సాయంత్రం 6 తర్వాత ఎత్తుతాడు." "కిరాణా షాపు." "సిమ్ పోయింది, ఐరిస్ పెట్టాలి" (అంటే కంటి స్కాన్). మా డేటాలో ఇదంతా కలిపి "ఓటీపీ విఫలం" అనే ఒకే లైను. ఆ నోట్‌బుక్ చూసేదాకా మేమంతా అది నెట్‌వర్క్ సమస్య అనుకున్నాం. మా అప్లికేషన్‌లో ఓటీపీ చివరి మెట్టు. గంటసేపు లైన్లో నిలబడి, అన్నీ నింపాక, మనవడు ఫోన్ ఎత్తట్లేదని తెలిసేది. ఓటీపీని మొదటికి తెచ్చాం, దానికి ముందు ఓటీపీ వెళ్లే ఫోన్ నంబర్‌లో చివరి నాలుగు అంకెలు చూపించాం. ఇంకేమీ చేయలేదు. ఆ అమ్మాయి మాత్రం ఇప్పుడు లైన్లో ఉన్నవాళ్లను ముందే అడిగి, సాయంత్రం రమ్మనాల్సిన వాళ్లను ఎండలో నిలబెట్టకుండా పంపేస్తోంది.

పేర్ల సంగతి కూడా ఆపరేటర్ల దగ్గరే నేర్చుకోవాలి. మనకు ఇంటిపేరు ముందొస్తుంది. ఫస్ట్ నేమ్, లాస్ట్ నేమ్ అని రెండు గళ్లు పెట్టే ఫారాలు ఎక్కణ్నుంచో వచ్చినవి. ఒక కార్డులో ఇంటిపేరు పూర్తిగా, ఇంకో దాంట్లో పొడి అక్షరం, మూడో దాంట్లో అసలు ఉండదు. లక్ష్మి అనే పేరే ఇంగ్లీషులో ఒకచోట 'కె ఎస్ హెచ్' పెట్టి, ఇంకోచోట 'ఎక్స్' పెట్టి ఉంటుంది. ఆడవాళ్ల స్కూల్ సర్టిఫికెట్ పుట్టింటి ఇంటిపేరుతో, ఆధార్ అత్తింటి ఇంటిపేరుతో ఉండటం మామూలే. పేరు కలవలేదని కంప్యూటర్ తిప్పికొట్టిన ప్రతిసారీ ఒక మనిషి తను తనేనని రుజువు చేసుకోవడానికి తిరుగుతోంది. మీ టీమ్‌లో ఎవరైనా పేర్లు అక్షరం అక్షరం కలిసి తీరాలి అంటే ఒప్పుకోకండి. పది మంది కార్డులు పక్కపక్కన పెట్టి చూపించండి.

"సేవ ఎలా ఉంది" అని అడగకండి. "అంతా బాగానే ఉందమ్మా" అంటారు. ఆ మాట వెనక భయం ఉంది. ఐడీ కార్డు మెడలో వేసుకుని ఊళ్లోకి వచ్చిన మనిషి పింఛన్ తీసేయడానికి వచ్చిందేమోనని భయం. నేను కార్డు బ్యాగులో పెట్టుకుంటాను, అడిగితే చూపిస్తాను. మొదటి మాటగా చెప్పేది ఇదే: "నేను పింఛన్ ఇచ్చేదాన్ని కాదు, తీసేసేదాన్నీ కాదు. మీరు చెప్పింది మీ పేరుతో ఎక్కడికీ పోదు. చెప్పకపోయినా మీకు ఏమీ కాదు." ఇది రెండుసార్లు చెప్తాను, మొదట్లో ఒకసారి, వాళ్లు కాస్త కుదురుకున్నాక ఇంకోసారి. రెండోసారే వింటారు. ఊళ్లో తెలిసిన నాయకుణ్ణో ఆఫీసు మనిషినో పక్కన నిలబెట్టుకుని మాట్లాడితే ఆ సాయంత్రం మీకు దక్కేది "బాగానే ఉంది" ఒక్కటే.

అభిప్రాయం వద్దు, జరిగింది అడగండి. కిందటిసారి ఎప్పుడు వెళ్లారు, ఎన్నింటికి బయల్దేరారు, ఆటోనా బస్సా, వెంట ఎవరొచ్చారు, ఆ రోజు కూలి పోయిందా, లోపల మొదట ఎవరితో మాట్లాడారు. ఇంత వివరంగా అడిగితే కోపమైనా బాధైనా వాళ్లంతట వాళ్లే చెప్పుకుంటారు. నాట్లప్పుడు, కోతలప్పుడు పగటి పూట వెళ్లకండి. ఊళ్లో ఎవరూ ఉండరు, ఉన్నవాళ్ల పని పాడవుతుంది. సాయంత్రం వంటలు మొదలవక ముందు ఒక గంట దొరుకుతుంది. ఆ గంట చాలా విలువైనది.

తర్వాత కవర్ చూపించమని అడగండి. ప్రతి ఇంట్లో ఒక ప్లాస్టిక్ కవర్ ఉంటుంది, బట్టల షాపువాళ్లిచ్చింది, కాగితాలన్నీ అందులోనే. తెలంగాణలో ఒక ఊళ్లో ఒక ముసలమ్మ అరుగు మీద కూర్చుని ఆ కవర్ ముడి విప్పింది. ఒక్కో కాగితం తీసి, అరచేత్తో సాపు చేసి, చాప మీద వరసగా పెట్టింది. రేషన్ కార్డు. ఆధార్. బ్యాంకు పాస్‌బుక్. భర్త డెత్ సర్టిఫికెట్ జిరాక్స్‌లు నాలుగు. నాలుగెందుకమ్మా అంటే, "ఏడికి వోయినా ఒకటి అడుగుతరు బిడ్డా" అంది. చివరికి ఒక సన్నటి చీటీ తీసి నా చేతిలో పెట్టింది. "ఇదే నా రశీదు. దీంట్ల నంబరు ఉంటది." రెండు వైపులా తిప్పి చూశాను. తెల్లగా ఉంది. టికెట్ మిషన్ లాంటి దాని మీద వేసిన కాగితం అది, వేడికి నెలల్లోనే అక్షరాలు ఎగిరిపోయాయి. ఆమెకు చదువు రాదు. ఆ తెల్ల కాగితాన్ని పట్టుకుని రెండుసార్లు ఆఫీసుకు వెళ్లింది. నంబర్ లేదని పంపించేశారు. నంబర్ ఉంది కదా అని ఆమె నమ్మకం.

ఆ చీటీ ఫొటో ఒక్కటి మీటింగ్‌లో పెట్టాను. రశీదు మామూలు కాగితం మీద ప్రింట్ ఇవ్వాలని, నంబర్ లేకపోయినా ఆధార్‌తో వెతికే వీలుండాలని ఆ రోజే ఒప్పుకున్నారు. ఆ అప్లికేషన్ స్క్రీన్ల మీద నేను అంతకుముందు రెండు నెలలు పనిచేశాను, రశీదు ఏ కాగితం మీద వస్తుందో ఒక్కసారి కూడా అడగలేదు. ఇప్పుడు ప్రతి ప్రాజెక్టులో మొదటి వారమే అడుగుతాను.

కవర్ చూసేటప్పుడు జాగ్రత్త. ఆధార్ ఫొటో తీయాల్సి వస్తే మొదటి ఎనిమిది అంకెల మీద కాగితం ముక్క పెట్టి తీయండి, మాస్క్‌డ్ ఆధార్‌లో చివరి నాలుగే కనిపించినట్టు. తర్వాత ఎడిట్ చేద్దాంలే అనుకోకండి. ఫోన్లో ఉన్న ఫొటో ఎక్కడికైనా పోతుంది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం మీ జూనియర్లతో కూడా చదివించండి. చట్టం లేకపోయినా, మనల్ని నమ్మి కవర్ విప్పారు కదా.

ఇక సీనియర్‌గా మీరు కొత్తగా నేర్చుకోవాల్సిన పెద్ద పని: ఈ రూలు ఎక్కణ్నుంచి వచ్చిందో వెతకడం. కొన్ని రూల్స్ చట్టంలో ఉంటాయి, వాటిని మీరు మార్చలేరు. కొన్ని జీవోలో ఉంటాయి, సెక్రటేరియట్ స్థాయిలో మారతాయి. కొన్ని సర్క్యులర్లు, మెమోలు. చాలా వాటికి అలవాటు తప్ప ఆధారమే ఉండదు. మీ రిపోర్టులో "జనానికి ఫలానా కాగితం కష్టంగా ఉంది" అని ఆపేస్తే అధికారి "రూల్ కదమ్మా" అంటారు, అక్కడితో అయిపోతుంది. రూలు ఎక్కడుందో మీకు తెలిసి ఉండాలి.

ఆ రేషన్ కార్డు జిరాక్స్ కోసం జీవో చదివాను, అందులో లేదు. ఆ సర్టిఫికెట్ మీద వచ్చిన మెమోలు అడిగి తెప్పించుకున్నాను, వాటిలోనూ లేదు. చివరికి తేలిందేమిటంటే, వేరే పథకానికి ఎప్పుడో వాడిన చెక్‌లిస్టును ఒక సీట్‌లోని ఉద్యోగి దీనికీ వాడారు. ఆయన బదిలీ అయినా చెక్‌లిస్టు అక్కడే ఉండిపోయింది. ఇప్పుడున్న ఆయన్ని అడిగితే చాలా నిజాయితీగా చెప్పారు: "రేపు ఆడిట్‌లో అడిగితే నా దగ్గర ఏదో ఒకటి ఉండాలి కదా మేడమ్." ఆయనది జనాన్ని తిప్పాలన్న ఉద్దేశం కానే కాదు, ఉద్యోగం గురించి టెన్షన్. ఆ టెన్షన్ తీసేది స్క్రీన్ డిజైన్ కాదు, పై అధికారి సంతకంతో ఒక పేజీ మెమో. ఆ మెమో రావడానికి అయిదు నెలలు పట్టింది. తర్వాత ఆ ఊరు వెళ్లినప్పుడు జిరాక్స్ షాపు గోడ మీది లిస్టులో మూడో లైను కొట్టేసి ఉంది.

అందుకే ఉద్యోగుల్ని కూడా కూర్చోబెట్టి అంతే ఓపికగా వినండి. కౌంటర్ అవతల ఉన్న మనిషి శత్రువు అనుకుంటూ రీసెర్చ్ చేసేవాళ్లను చూశాను. వాళ్ల రిపోర్టులు పదునుగా ఉంటాయి గానీ వాటితో ఏదీ మారదు.

అధికారులతో పని గురించి కొన్ని విషయాలు. "ఎనిమిది మందితో మాట్లాడి ఇంత పెద్ద మాట ఎలా అంటారు?" అని కచ్చితంగా అడుగుతారు. అది న్యాయమైన ప్రశ్న, చిన్నబుచ్చుకోకండి. ఎంతమందికి అన్నది లావాదేవీల డేటా చెప్పాలి, ఎందుకు అన్నది ఆ ఎనిమిది మంది చెప్పాలి. రెండూ ఒకే పేజీలో పెట్టండి. తిరస్కరించిన అప్లికేషన్ల కారణాలు తీయించి చూడండి. "ఇతర కారణాలు" అన్న గడి నిండి ఉంటే మీ ఫీల్డ్‌వర్క్ ఎక్కడ మొదలెట్టాలో అదే చెప్తుంది.

రిపోర్టు ఒక పేజీ. తెలుగులో, ఇంగ్లీషులో. ఫైల్‌లో చేరేలా చూసుకోండి, ఎందుకంటే అధికారి బదిలీ అవుతారు. మీరు ఎనిమిది నెలలు కష్టపడి ఒప్పించిన మనిషి ఒక రాత్రి ఆర్డర్‌తో వేరే జిల్లాకు వెళ్లిపోతారు. నోటిమాటగా ఒప్పుకున్నది ఆయనతోపాటే వెళ్తుంది, ఫైల్‌లో ఉన్నది ఉంటుంది. టెండర్ పేపర్లు రాయకముందే మీ పని మొదలవ్వాలని పట్టుబట్టండి. ఒప్పందం అయ్యాక ఏది అడిగినా "స్కోప్‌లో లేదు" అనే జవాబే వస్తుంది.

ఇంజనీర్లను వెంట తీసుకెళ్లండి. బ్రిటన్‌లో మాకు ఆరు వారాలకు కనీసం రెండు గంటలు టీమ్‌లో ప్రతి ఒక్కరూ యూజర్ల ఎదుట కూర్చోవాలని చెప్పేవారు. ఇక్కడ అంత కుదరకపోయినా నెలకొకర్ని తీసుకెళ్లాను. వేలిముద్ర పడక, చీర కొంగుతో వేలు తుడుచుకుని మళ్లీ మళ్లీ పెట్టే ఒక అమ్మను అయిదు నిమిషాలు చూసిన ఇంజనీర్, ఐరిస్, ఓటీపీ దారులు రెండో పేజీలో ఎందుకు దాచామని ఆఫీసుకు వచ్చి తనే అడిగాడు. నేను అదే విషయం మూడు మీటింగుల్లో చెప్పి ఉన్నాను.

మాటల గురించి. ఫారాల్లో వాడే తెలుగు ఎవరూ మాట్లాడే తెలుగు కాదు. "సమర్పించు" కంటే "సబ్మిట్" చాలామందికి తెలుసు. ఒక ప్రాజెక్టులో పింఛన్ వివరాలు సరిదిద్దే పేజీలో వెనక్కి వెళ్లడానికి "రద్దు" అని బటన్ ఉంది. దాన్ని చూసి పెద్దవాళ్లు చేయి వెనక్కి తీసుకున్నారు, పింఛనే రద్దవుతుందని. "వెనక్కి" అని మార్చాం. ప్రాంతాల తేడా కూడా చూసుకోండి. పొలం రికార్డును తెలంగాణలో పహాణీ అంటారు, ఆంధ్రలో అడంగల్. ఎకరానికి తెలంగాణలో 40 గుంటలు, ఆంధ్రలో 100 సెంట్లు. పాతబస్తీకి ఉర్దూ, ఏజెన్సీకి గోండీ, కోయ తెలిసిన మనిషి లేకుండా వెళ్లకండి.

మాట్లాడిన మనిషి తన కేసు చూడమని అడుగుతారు. దీనికి ముందే సిద్ధపడాలి. "నా పేరు రాసుకో" అని చేయి పట్టుకుంటారు. చూస్తానని ఊరికే అనేసి వచ్చేయకండి. నేను ఫీల్డ్‌కు వెళ్లేముందే ఆ మండలంలో ఎవరికి చెప్తే చూస్తారో ఒక అధికారితో మాట్లాడి పెట్టుకుంటాను. అలాంటి దారి దొరకకపోతే ఆ ఊరు వెళ్లడం వాయిదా వేస్తాను. కొత్త జూనియర్లు రాత్రిళ్లు నిద్రపట్టక ఫోన్ చేస్తారు, వాళ్లతో మాట్లాడటం కూడా మీ పనే.

ఇబ్బందులూ చెప్పాలి. కాంట్రాక్టు చాలాసార్లు ఏడాదిలోపు ఉంటుంది, జీతం ఆలస్యం కావచ్చు. ఒకచోట నాకు మూడు నెలలు రాలేదు. ఇంట్లో ఖర్చులకు మీ జీతమే ఆధారమైతే ఆరు నెలల డబ్బు పక్కన పెట్టుకుని చేరండి. మీరు చెప్పినవాటిలో ఎక్కువ భాగం జరగవు. ఎన్నికల కోడ్ వస్తే పని ఆగిపోతుంది. ఈ లెక్కలన్నీ వేసుకుని కూడా నేను ఇందులోనే ఉన్నాను, ఇంకా ఉంటాను.

చేరేముందు చదవమని పుస్తకాలు చెప్పను. ఉపాధి హామీ సామాజిక తనిఖీలు చూడండి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2006 నుంచి జరిగాయి, 2009లో వాటికోసం ప్రత్యేకంగా సొసైటీ పెట్టారు. తనిఖీ చేసేవాళ్లు ఊళ్లో రోజుల తరబడి ఉండి, మస్టర్ రోల్స్ (కూలీల హాజరు పట్టీలు) పట్టుకుని ఇంటింటికీ తిరిగి, తేలింది గ్రామసభలో అందరి ముందూ చదువుతారు. చెప్పినవాళ్లకే మళ్లీ తిరిగి చెప్పడం అనేది మన రీసెర్చ్‌లో చాలామంది వదిలేసే మెట్టు. అది నేను వాళ్ల దగ్గరే నేర్చుకున్నాను. దగ్గర్లో ప్రజావేదిక, అంటే తనిఖీలో తేలినవి అందరి ముందూ విచారించే సభ, జరిగితే వెళ్లి వెనక కూర్చోండి.

మీ ఇంటర్వ్యూ పది రోజుల్లో అన్నారు. ఈలోగా ఒక సోమవారం సెలవు పెట్టి మీ జిల్లా కలెక్టరేట్‌కు పొద్దున తొమ్మిదికల్లా వెళ్లండి. ల్యాప్‌టాప్ వద్దు, ప్రశ్నలూ వద్దు. అర్జీ రాయించుకునేవాళ్ల పక్కన మధ్యాహ్నం దాకా కూర్చుని, ఒక్కరి కాగితం ఏ బల్ల నుంచి ఏ బల్లకు వెళ్లిందో బొమ్మ గీయండి. మీ షాపింగ్ యాప్ పోర్ట్‌ఫోలియోతోపాటు ఆ బొమ్మ కూడా ఇంటర్వ్యూకు తీసుకెళ్లండి. గీశాక ఎక్కడైనా అర్థం కాకపోతే ఇక్కడే రాయండి, చూసి చెప్తాను.